మా ఇంట్లో ఎవరికీ లేదు, మరి బిడ్డకెలా వచ్చింది?

పుట్టిన బిడ్డకు ఎకో తీసి, గుండెలో రంధ్రం ఉందని డాక్టరు చెప్పగానే ఆస్పత్రి వరండాలో మొదలయ్యే చర్చ ముందుగా వైద్యం గురించి ఉండదు. "మా వైపు ఎవరికీ లేదు" అంటారు తండ్రి తరఫువాళ్లు. "మా వైపూ లేదు" అంటారు తల్లి తరఫువాళ్లు. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గుతుంది. గ్రహణం రోజు బయటికొచ్చిందేమో, బొప్పాయి తిన్నదేమో, ఏడో నెలలో బరువెత్తిందేమో అని ఆరాలు మొదలవుతాయి. బాలింత మంచం మీద పడుకుని ఇవన్నీ వింటూ ఉంటుంది.

రెండు రోజులాగి డాక్టరు "ఇది జన్యుపరమైనది కావచ్చు" అంటే గొడవ ఇంకాస్త ముదురుతుంది. జన్యువు అంటే వంశం, వంశం అంటే ఎవరో ఒకరి వైపు. మరి ఎవరి వైపు? తెలుగులో మాట్లాడేటప్పుడు జన్యుపరం, వంశపారంపర్యం అన్న రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడేస్తాం. నిజానికి అవి రెండూ వేరు. గుండె లోపాల విషయంలో ఈ తేడా తెలియకపోతే ఏదీ అర్థం కాదు. జన్యువులో తేడా ఉండొచ్చు, అది తల్లిదండ్రుల్లో ఎవరి దగ్గరా లేకపోవచ్చు. బిడ్డతోనే మొదలై ఉండొచ్చు. చాలాసార్లు జరిగేది అదే.

డెన్మార్క్‌లో 1977 నుంచి 2005 వరకు పుట్టిన 17 లక్షల మందికి పైగా రికార్డులను కలిపి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2009లో వచ్చింది. తల్లి, తండ్రి, తోబుట్టువుల్లో ఒకరికి గుండె లోపం ఉంటే మరొకరికీ వచ్చే అవకాశం పెరుగుతుందని అందులో స్పష్టంగా తేలింది. కానీ మొత్తం గుండె లోపాల్లో ఇలా దగ్గరి కుటుంబ చరిత్రకు అంటగట్టగలిగినవి సుమారు 2 శాతమే. అంటే "మా ఇంట్లో ఎవరికీ లేదు" అనే మాట దాదాపు ప్రతి కుటుంబమూ నిజాయతీగానే అంటుంది. ఆ మాట వల్ల ఏ జన్యు కారణమూ కొట్టుకుపోదు.

ఇదేమీ అరుదైన సంగతి కాదు. ప్రపంచంలో ఎక్కడైనా వంద మంది పిల్లలు పుడితే దాదాపు ఒకరికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. మన దేశంలో పుట్టే పిల్లల సంఖ్యతో లెక్కేస్తే ఏటా రెండు లక్షలకు పైమాటే. వీటిలో గుండె కింది గదులైన జఠరికల మధ్య గోడలో ఉండే చిన్న చిల్లులు చాలావరకు వాటంతటవే పూడుకుపోతాయి. కొన్నింటికి మాత్రం పుట్టిన వారంలోనే ఆపరేషన్ కావాలి.

కడుపుతో ఉన్నానని తెలిసేలోపే

గుండె మొదట ఒక గొట్టం. ఫలదీకరణ జరిగిన 22వ రోజుకల్లా అది కొట్టుకోవడం మొదలుపెడుతుంది. నెలసరి ఓ వారం తప్పింది, పరీక్ష చేయించుకుందామా అని ఆమె అనుకుంటూ ఉండే సమయం అది. తర్వాత గొట్టం కుడివైపుకు మెలి తిరుగుతుంది. దానికి తోడుగా వెనక నుంచి మరో కణాల గుంపు వచ్చి చేరి కుడి జఠరికనూ, రక్తం బయటికి పోయే దారినీ కడుతుంది. మెడ దగ్గర నాడీ కణజాలం అంచు నుంచి ఇంకో గుంపు నడిచి వస్తుంది. ఇది ఒకే ఒక్క పెద్ద రక్తనాళాన్ని మధ్యలో మెలికలాంటి గోడతో రెండుగా చీలుస్తుంది. ఒకటి ఒంటికి రక్తం పంపే బృహద్ధమని, మరొకటి ఊపిరితిత్తులకు పంపే పుపుస ధమని. ఎనిమిదో వారం ముగిసేసరికి నాలుగు గదులు, నాలుగు కవాటాలతో గుండె కట్టడం దాదాపు పూర్తవుతుంది.

ఆ లెక్కన ఏడో నెలలో ఎత్తిన బిందెకూ ఆ గోడకూ సంబంధం లేదు. గోడ కట్టే పని ఏనాడో అయిపోయింది.

ఇంత పనినీ నడిపించేవి జన్యువులు. ఎక్కడ తేడా వచ్చిందన్నదాన్ని బట్టి లోపం రకం మారుతుంది. తేడా ఎంత పెద్దదన్నది కూడా ముఖ్యమే. ఒక్కోసారి క్రోమోజోమ్ మొత్తం ఎక్కువవుతుంది, ఒక్కోసారి దాంట్లో ఒక ముక్క ఎగిరిపోతుంది, ఒక్కోసారి డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం మారుతుంది.

అందరికీ తెలిసింది డౌన్ సిండ్రోమ్. 21వ క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడు ఉంటాయని ఫ్రాన్స్‌లో 1959లో బయటపడింది. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, ముఖ్యంగా నాలుగు గదులూ కలిసే కూడలి దగ్గర. అక్కడ గోడలు కలవవు, కవాటాలు విడివిడిగా ఏర్పడవు. అదనపు క్రోమోజోమ్ పదింట తొమ్మిది సార్లు అండం నుంచే వస్తుంది. ఇది వినగానే మళ్లీ వేలు తల్లి వైపు తిరుగుతుంది కాబట్టి ఒక మాట చెప్పుకోవాలి. ఆడపిల్ల అండాలన్నీ ఆమె తన తల్లి కడుపులో ఉండగానే తయారై, విభజన సగంలో ఆగి, ఏళ్ల తరబడి అలాగే కాచుకుని ఉంటాయి. 35 ఏళ్లకు విడుదలైన అండం 35 ఏళ్లు పట్టి ఉంచిన ముడిని విప్పుకోవాలి. అది సరిగ్గా విడిపోకపోతే అందులో ఆమె చేసిందీ లేదు, చేయనిదీ లేదు. టర్నర్ సిండ్రోమ్‌లో ఇది తిరగబడుతుంది. ఒకే ఎక్స్ క్రోమోజోమ్‌తో పుట్టే ఈ ఆడపిల్లల్లో చాలామందిలో ఉండిపోయేది తల్లి ఇచ్చిందే, రానిది తండ్రి వైపుది. వాళ్లలో బృహద్ధమని ఒకచోట నొక్కుకుపోవడం, దాని కవాటానికి మూడు రేకులకు బదులు రెండే ఉండడం ఎక్కువ. అయినా టర్నర్ పిల్ల తండ్రిని వరండాలో ఎవరూ నిలదీసి అడగరు.

మూడు పేర్లు, ఒకే ముక్క

గుండె లోపాల జన్యుశాస్త్రం అంతా ఒకచోట చూడాలంటే 22వ క్రోమోజోమ్ దగ్గర ఆగాలి.

1965లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఏంజెలో డిజార్జ్ అనే హార్మోన్ల డాక్టరు, పుట్టుకతోనే థైమస్ గ్రంథి లేని పిల్లల గురించి చెప్పారు. వాళ్లకు ఇన్ఫెక్షన్లు ఎక్కువ, రక్తంలో కాల్షియం తక్కువ. 1970ల్లో జపాన్‌లో గుండె డాక్టర్లు మరొకటి గమనించారు. గుండె నుంచి బయటికొచ్చే నాళాల్లో లోపం ఉన్న పిల్లల్లో చాలామంది ముఖాలు ఒకేలా ఉంటున్నాయి. అదే దశాబ్దం చివర్లో న్యూయార్క్‌లో మాటల చికిత్స చేసే రాబర్ట్ ష్ప్రింట్‌జన్, ముక్కుతో మాట్లాడే, అంగిలి సరిగా పనిచేయని పిల్లల్లో గుండె లోపాలు కూడా ఉంటున్నాయని రాశారు. మూడు విభాగాలు, మూడు పేర్లు, మూడు జబ్బులు అనుకున్నారు. 1990ల మొదట్లో పరీక్షలు మెరుగయ్యాక చూస్తే ఎక్కువమందిలో పోయింది ఒకే ముక్క. 22వ క్రోమోజోమ్ పొడవు చేతి మీద, 22క్యూ11.2 అనే చిరునామాలో, సుమారు 30 లక్షల డీఎన్ఏ అక్షరాలు.

ఈ ముక్కే ఎందుకు పోతుంది? దానికి రెండు పక్కలా దాదాపు ఒకేలా ఉండే డీఎన్ఏ వరసలున్నాయి. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జత క్రోమోజోములు పక్కపక్కన సర్దుకుంటాయి. అప్పుడు ఒక వరస తన జోడీ పక్కన కాకుండా, తనలాగే కనిపించే అవతలి వరస పక్కన సర్దుకుంటుంది. చొక్కాకు ఒక గుండీ వదిలేసి తర్వాతి కాజాలో పెట్టేసినట్టు. మధ్యలోది జారిపోతుంది. ఈ పొరపాటు ఎవరిలోనైనా, ఏ కులంలోనైనా, ఏ దేశంలోనైనా జరిగేదే. కొన్ని వేల కాన్పుల్లో ఒకసారి జరుగుతూనే ఉంటుంది. పదిలో తొమ్మిది కేసుల్లో తల్లిదండ్రులిద్దరి క్రోమోజోములూ సవ్యంగానే ఉంటాయి.

పోయిన ముక్కలో 40కి పైగా జన్యువులుంటాయి. గుండెకు సంబంధించి వాటిలో అసలుది టీబీఎక్స్1. ఎలుకల్లో ఈ ఒక్క జన్యువును సగం చేస్తే చాలు, బృహద్ధమని తోరణంలో అలాంటి లోపాలే వస్తాయని 2001లో తేలింది. పిండంలో గొంతు దగ్గర ఏర్పడే తోరణాల్లాంటి మడతల్లో ఇది పనిచేస్తుంది. ఆ మడతల నుంచే థైమస్, కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్, అంగిలి, కింది దవడ, గుండె నుంచి బయటికొచ్చే నాళాలు రూపం తీసుకుంటాయి. ముగ్గురు డాక్టర్లు మూడు చోట్ల చూసింది ఒకే మేస్త్రి వదిలేసిన పని.

దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. బిడ్డకు ఫాలో టెట్రాలజీ. ఏడిస్తే పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి. కాస్త పెద్దయి నడవడం వచ్చాక ఆయాసం రాగానే ఎవరూ నేర్పకుండానే గొంతుక్కూర్చుంటాడు, అలా కూర్చుంటే ఊపిరితిత్తులకు రక్తం కాస్త ఎక్కువ పోతుంది. పుస్తకాల్లో దీన్ని నాలుగు లోపాలని రాస్తారు కానీ మూలం ఒకటే. రెండు నాళాలను విడదీసే గోడ కొద్దిగా ముందుకు జరిగింది. దాంతో ఊపిరితిత్తుల దారి ఇరుకైంది, కింద గోడలో చిల్లు మిగిలింది, బృహద్ధమని ఆ చిల్లు మీదికొచ్చి కూర్చుంది, ఇరుకు దారిలోకి తోసీ తోసీ కుడి జఠరిక కండ మందమైంది. ఫాలో టెట్రాలజీ ఉన్న పిల్లల్లో సుమారు ఏడుగురిలో ఒకరికి 22క్యూ11.2 ముక్క పోయి ఉంటుంది. బృహద్ధమని తోరణం మధ్యలో పూర్తిగా తెగిపోయిన ఒక రకం లోపంలోనైతే సగం మందికి.

ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే తెలిస్తే చాలా మారుతుంది. కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చని ముందే చూసుకుంటారు. థైమస్ లేక రోగనిరోధక కణాలు బాగా తక్కువగా ఉంటే, ఎక్కించే రక్తానికి రేడియేషన్ ఇచ్చి మరీ ఎక్కించాలి, లేకపోతే దాత రక్తంలోని కణాలే బిడ్డ మీద దాడి చేసే ప్రమాదముంది. టీకాల్లో కొన్నింటిని వాయిదా వేయాల్సి రావచ్చు. పరీక్ష చేయించని చోట కొన్నిసార్లు ఛాతీ తెరిచాక, ఎముక వెనక ఉండాల్సిన థైమస్ కనిపించక సర్జన్‌కే మొదట అనుమానం వస్తుంది.

మేస్త్రి సగం రోజే వస్తే

ఒకే జన్యువులో తేడా వల్ల వచ్చే లోపాలు తక్కువే, కానీ వాటి నుంచి నేర్చుకున్నది ఎక్కువ.

1960లో లండన్‌లో మేరీ హోల్ట్, శామ్యూల్ ఓరమ్ ఒక కుటుంబం గురించి రాశారు. గుండె పై గదులైన కర్ణికల మధ్య గోడలో రంధ్రం ఉన్నవాళ్ల బొటనవేళ్లు తేడాగా ఉన్నాయి. కొందరికి బొటనవేలు మిగతా వేళ్లలా మూడు కణుపులతో ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. 1997లో దీనికి కారణం టీబీఎక్స్5 అనే జన్యువని తేలింది. గుండె డాక్టరు బిడ్డ చేతులను ఎందుకంత శ్రద్ధగా చూస్తాడో, పక్కనే నిలబడ్డ తండ్రి చేతిని కూడా ఎందుకు చాపమంటాడో దీన్ని బట్టి అర్థమవుతుంది. తండ్రి బొటనవేలు చిన్నప్పటి నుంచీ కాస్త వంకరగా ఉండొచ్చు, ఇంట్లో ఎవరూ దాన్ని గుండెతో ముడిపెట్టి ఉండరు.

మరుసటి ఏడాది, 1998లో, ఎన్‌కేఎక్స్2-5 అనే మరో జన్యువు సంగతి తేలింది. దీని ఈగ రూపాన్ని అంతకుముందే కనిపెట్టారు. అది లేని ఈగ పిండంలో గుండే ఏర్పడదు, అందుకని పాత పిల్లల కథలోని గుండె లేని రేకు మనిషి పేరు పెట్టారు. మనుషుల్లో ఒక కాపీ చెడిపోతే కర్ణికల మధ్య రంధ్రంతో పాటు గుండెలో విద్యుత్ సంకేతం నడిచే దారి కూడా క్రమంగా దెబ్బతింటుంది. ఇక్కడ ఒక విషయం పట్టించుకోవాలి. ఎకోలో రెండు రంధ్రాలు ఒకేలా కనిపించొచ్చు. మామూలు రంధ్రమైతే మూసేశాక దాదాపు పనైపోయినట్టే. ఎన్‌కేఎక్స్2-5 వల్ల వచ్చిందైతే రంధ్రం చక్కగా మూసిన ఎన్నో ఏళ్లకు గుండె లయ మందగించి పేస్‌మేకర్ అవసరం పడొచ్చు, ఏటా ఈసీజీ మానకూడదు.

2003లో డల్లాస్‌లో దీపక్ శ్రీవాస్తవ బృందం, తరతరాలుగా గుండె గోడల్లో రంధ్రాలు వస్తున్న ఒక పెద్ద కుటుంబంలో గాటా4 జన్యువును పట్టుకుంది. అందులో మారింది ఒకే ఒక్క అక్షరం. దాంతో గాటా4 ప్రోటీన్ టీబీఎక్స్5తో జత కట్టలేకపోతోంది. ఈ జన్యువులు ఒక్కొక్కటిగా కాదు, జట్టుగా పనిచేస్తాయని అప్పుడు బాగా అర్థమైంది.

ఇవన్నీ స్వయంగా ఇటుకలు మోసే కూలీలు కావు, ఏ గోడ ఎప్పుడు లేపాలో చెప్పే మేస్త్రీలు. ప్రతి జన్యువుకూ రెండు కాపీలుంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. చాలా జన్యువుల్లో ఒక కాపీ చెడిపోయినా రెండోది నెట్టుకొస్తుంది. ఈ మేస్త్రీ జన్యువుల్లో మాత్రం మోతాదు సగమైతే చాలదు. ఇల్లు లేస్తుంది, గోడలు చాలావరకు నిలబడతాయి, ఒకచోట సందు మిగిలిపోతుంది. ఆ సందు ఎక్కడ, ఎంత అన్నది మిగతా జన్యువుల మీద, పరిస్థితుల మీద, కాస్త కాకతాళీయం మీద ఆధారపడుతుంది. అందుకే ఒకే మార్పు ఉన్న అన్నదమ్ముల్లో ఒకరికి పెద్ద రంధ్రం, మరొకరికి ఎకోలో కూడా ఏమీ కనిపించకపోవడం ఉంటుంది. "ఎవరికీ లేదు" అన్న మాటలో ఇలాంటివాళ్లు కూడా కలిసిపోతారు. వాళ్ల దగ్గర మార్పు ఉంది, జబ్బు లేదు.

నూనన్ సిండ్రోమ్‌లో పుపుస కవాటం బిగుసుకుపోవడం, విలియమ్స్ సిండ్రోమ్‌లో ఎలాస్టిన్ జన్యువున్న ముక్క పోయి బృహద్ధమని మొదట్లో ఇరుకవడం, నాచ్1 జన్యువు వల్ల కవాటానికి రెండే రేకులు ఏర్పడి నడివయసులో సున్నం పేరుకోవడం, ఈ జాబితా పెద్దది. ఇప్పుడు వందకు పైగా జన్యువుల పేర్లు వినిపిస్తాయి. పేర్ల కన్నా వీటిలో చాలావరకు మోతాదు కథే అన్నది గుర్తుంటే చాలు.

ఒకటి మాత్రం ఈ మోతాదు లెక్కకు బయటిది. గుండె ఎడమవైపే ఎందుకుంటుంది? పిండం తొలి రోజుల్లో ఒక చిన్న గుంటలో సన్నని వెంట్రుకల్లాంటి నూగు గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని ఎడమవైపుకు తోస్తుంది. ఆ ప్రవాహాన్ని బట్టే ఇది ఎడమ, ఇది కుడి అని ఒళ్లంతా తెలుసుకుంటుంది. నూగు తిరగకపోతే అది బొమ్మాబొరుసు ఆటే. అంతా అటుదిటు పూర్తిగా తిరగబడితే మనిషి హాయిగా బతుకుతాడు, గుండె కుడివైపు ఉందని ఏదో ఎక్స్‌రేలో బయటపడుతుంది. సగం సగం తిరగబడితేనే చిక్కు. గొట్టం తప్పు వైపు మెలి తిరిగి నాళాలన్నీ చోటు మారతాయి. డెన్మార్క్ లెక్కల్లో కుటుంబంలో మళ్లీ వచ్చే అవకాశం అన్నింటికన్నా ఎక్కువగా, దాదాపు 79 రెట్లు, కనిపించింది ఈ రకంలోనే. జఠరికల మధ్య చిల్లుకైతే అది మూడున్నర రెట్లు మాత్రమే.

బిడ్డతోనే మొదలైనది

ప్రతి మనిషీ తల్లిలోనూ తండ్రిలోనూ లేని 60, 70 కొత్త డీఎన్ఏ మార్పులతో పుడతాడు. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లందరిలోనూ అవి ఉన్నాయి. వాటిలో ప్రోటీన్ తయారుచేసే భాగాల్లో పడేవి ఒకటో రెండో. చాలావరకు ఏ హానీ చేయవు. అది పడకూడని జన్యువులో పడిన బిడ్డకు లోపం వస్తుంది.

2013లో అమెరికాలో, తీవ్రమైన గుండె లోపాలున్న 362 మంది పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ కలిపి జన్యు పరీక్ష చేశారు. సుమారు 10 శాతం కేసుల్లో ఇలాంటి కొత్త మార్పుల పాత్ర ఉందని లెక్క తేలింది. ఆ మార్పులు ఎక్కువగా పడింది నేరుగా గుండె జన్యువుల్లో కాదు, డీఎన్ఏ చుట్టను ఎక్కడ విప్పాలో ఎక్కడ మూయాలో నిర్ణయించే జన్యువుల్లో. అవి గుండెలోనే కాదు, మెదడులోనూ పనిచేస్తాయి. రెండేళ్ల తర్వాత 1,200 మందికి పైగా పిల్లలతో చేసిన తదుపరి అధ్యయనంలో, గుండె లోపంతో పాటు ఎదుగుదలలో ఆలస్యం, ఇతర అవయవాల్లో లోపాలు ఉన్న పిల్లల్లో కొత్త మార్పుల వాటా దాదాపు 20 శాతం. ఒక్క గుండె లోపమే ఉన్నవాళ్లలో 2 శాతం. గుండె ఆపరేషన్ అయిన పిల్లాడు బడిలో వెనకబడితే, మత్తు వల్లనో, ఆపరేషన్‌లో రక్తం నడిపే యంత్రం మీద ఎక్కువసేపు ఉంచడం వల్లనో అని అనుకునేవారు. వాటి పాత్ర కొంత ఉండొచ్చు. కానీ కొందరిలో గుండెను దెబ్బతీసిన మార్పే మెదడునూ తాకింది.

మరో సంగతి కూడా ఉంది. ఈ కొత్త అక్షర మార్పుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు తండ్రి వైపు నుంచి వస్తాయి. వీర్యకణాలు జీవితాంతం తయారవుతూనే ఉంటాయి, ప్రతి నకలుకూ కొన్ని తప్పులు. తండ్రి వయసు ఏడాది పెరిగితే ఒకటో రెండో ఎక్కువ. తండ్రి వయసు వల్ల గుండె లోపాల రిస్కు పెద్దగా పెరుగుతుందని దీనర్థం కాదు. నింద వేయాలని చూసేవాళ్లకు అండం ఒక్కటే గుర్తుండకూడదని చెప్పడం వరకే.

మేనరికం మాట

తెలుగువాళ్లలో ఈ ప్రశ్న రాకుండా పోదు. మేనమామతోనో, మేనత్త కొడుకుతోనో పెళ్లి జరిగిన ఇంట్లో బిడ్డకు గుండె లోపం వస్తే వినగానే అంతా తల ఊపి, "అదీ సంగతి" అంటారు.

మేనరికం ప్రమాదం ఎక్కడుందంటే, రెండు కాపీలూ చెడితేనే వచ్చే జబ్బుల్లో. మామూలు దంపతుల్లో ఇద్దరి దగ్గరా ఒకే జన్యువు చెడిపోయి ఉండే అవకాశం చాలా తక్కువ. తాత ఒకరే అయితే ఆయన దగ్గరున్న చెడు కాపీ రెండు దారుల్లో వచ్చి మనవడి దగ్గర కలుసుకోవచ్చు. మేనబావ మరదళ్ల బిడ్డలో 16వ వంతు జన్యువులు, మేనమామ మేనకోడళ్ల బిడ్డలో 8వ వంతు జన్యువులు ఇలా రెండు వైపులా ఒకటే అయ్యే అవకాశముంది. అన్ని రకాల పుట్టుక లోపాలూ కలిపి, మామూలుగా నూటికి రెండు మూడు ఉండే రిస్కు మేనబావను చేసుకుంటే సుమారు రెట్టింపవుతుంది. నూటికి తొంభై అయిదు మంది పిల్లలు మామూలుగానే పుడతారు. గుండె లోపాల్లో ఈ దారిన వచ్చేవి కొన్ని ఉన్నాయి. ఎల్లిస్ వాన్ క్రెవెల్డ్ అనే జబ్బులో కర్ణికల మధ్య గోడే ఉండకపోవచ్చు, చేతికి ఆరో వేలు ఉంటుంది. అమెరికాలో తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే ఆమిష్ సమాజంలో ఇది ఎక్కువ. ఆరో వేలు అదృష్టమని మనవాళ్లంటారు. చాలామందిలో అది ఏ హానీ లేని అదనపు వేలే, కానీ పొట్టిగా ఉండి, ఆయాసపడే బిడ్డకు ఆరో వేలుంటే ఎకో తీయించడం నయం.

అయితే 22క్యూ11.2 ముక్క పోవడానికీ, డౌన్ సిండ్రోమ్‌కూ, టీబీఎక్స్5లో కొత్తగా వచ్చిన మార్పుకూ మేనరికంతో ఏ సంబంధమూ లేదు. మేనరికం అని తెలియగానే పరీక్షలు ఆపేయడం అసలు కారణాన్ని వదిలేయడమే.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో బయటపెట్టిన ఎంవైబీపీసీ3 జన్యువు సంగతిని కూడా చాలామంది దీంతో కలిపేస్తుంటారు. దక్షిణాసియా వాసుల్లో సుమారు 4 శాతం మందిలో ఉన్న ఆ 25 అక్షరాల లోటు, పెద్దయ్యాక గుండె కండరం బలహీనపడే రిస్కుకు సంబంధించింది. పుట్టుకతో వచ్చే రంధ్రాలది వేరే కథ.

జన్యువులే అంతా కాదు కూడా. కడుపుతో ఉండే తొలి వారాల్లో తల్లికి అదుపులో లేని షుగర్ ఉంటే గుండె లోపం అవకాశం మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. రుబెల్లా, కొన్ని మొటిమల మందులు, కొన్ని ఫిట్స్ మందులు, మద్యం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఇవన్నీ కలిపి లెక్కేసినా సగానికి పైగా కేసుల్లో ఒక్క కారణమంటూ చూపించలేరు. చాలా జన్యువుల్లో చిన్న చిన్న తేడాలు, దానికి తోడు తొలి వారాల పరిస్థితులు కలిసి పనిచేశాయనే ఊహ బలంగా ఉంది.

రిపోర్టులో చదవాల్సిన వరస

మరి ఎవరికి పరీక్ష? గుండెతో పాటు ముఖంలో, చేతుల్లో, అంగిలిలో, కిడ్నీల్లో ఏదైనా తేడా ఉన్నా, ఎదుగుదల ఆలస్యమైనా, నాళాల విభజనకు సంబంధించిన లోపమైనా పరీక్ష చేయించడంలో అర్థముంది. క్రోమోజోములను లెక్కపెట్టే పాత కారియోటైప్ పరీక్షలో 22క్యూ11.2 లాంటి చిన్న ముక్కలు సాధారణంగా కనిపించవు. కారియోటైప్ నార్మల్ వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. దానికి ఫిష్ పరీక్షో మైక్రోఅరేనో కావాలి. ఒక్క అక్షరం మార్పు కోసమైతే, ప్రోటీన్ తయారుచేసే డీఎన్ఏ భాగాలను చదివే ఎక్సోమ్ పరీక్ష. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ లాంటి చోట్ల ఈ పని ఏళ్లుగా జరుగుతోంది.

ఎక్సోమ్ రిపోర్టుల్లో "ప్రాముఖ్యం తేలని మార్పు" అనే వాక్యం తరచూ వస్తుంది. అది చూసి టెన్షన్ పడి ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెడతారు. దానర్థం దోషం దొరికిందని కాదు, ఇలాంటి మార్పు మామూలు మనుషుల్లో ఎంతమందికి ఉందో పోల్చి చూసే సమాచారం చాలడం లేదని. ఇన్నాళ్లూ పోలికకు వాడిన డీఎన్ఏ ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్లది కాబట్టి మనవాళ్ల రిపోర్టుల్లో ఈ వాక్యం మరీ ఎక్కువ. 10 వేల మంది భారతీయుల డీఎన్ఏ చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు ఉపయోగపడేది ఇక్కడే.

బిడ్డకు మార్పు దొరికాక తల్లిదండ్రుల రక్తం కూడా అడుగుతారు. చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు, మళ్లీ "ఎవరి వైపు" అన్న భయం. నిజానికి ఆ రెండు శాంపిల్స్ ఇచ్చే జవాబు తర్వాతి కాన్పు కోసం. ఇద్దరిలోనూ మార్పు లేకపోతే మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి దరిదాపుల్లోనే, అదీ కొన్ని అండాల్లోనో వీర్యకణాల్లోనో దాగి ఉండొచ్చు కాబట్టి. ఇద్దరిలో ఒకరికి ఉంటే ప్రతి కాన్పుకూ సగానికి సగం. జన్యు కారణం ఏదీ దొరకని మామూలు గుండె లోపమైతే తర్వాతి బిడ్డకు రెండు నుంచి ఐదు శాతం. ఏ లెక్క వర్తించినా, అయిదో నెలలో టిఫా స్కాన్‌తో పాటు పిండం గుండెకు విడిగా ఎకో తీయించమని రాస్తారు.

ఇప్పుడు ఇంకో తరం ఈ ప్రశ్నతో వస్తోంది. చిన్నప్పుడు ఆరోగ్యశ్రీలోనో, అంతకుముందో గుండె ఆపరేషన్ అయిన పిల్లలు పెళ్లీడుకొచ్చారు. ఛాతీ మధ్యలో నిలువు గీత ఉన్న అమ్మాయికి సంబంధాలు చూస్తూ, ఆ సంగతి ముందే చెప్పాలా వద్దా అని ఇంట్లో గుసగుసలు. ఆ గీతను చూసి ఏదీ చెప్పలేం. ఆమెకు జఠరికల మధ్య చిల్లు ఒక్కటే ఉండి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి కొన్నే. ఆమెది ఫాలో టెట్రాలజీ అయి, మాట కాస్త ముక్కుతో వస్తూ, చిన్నప్పుడు కాల్షియం మాత్రలు వాడి ఉంటే, సంబంధం ఖాయం కాకముందు కాదు, కడుపు పండకముందు 22క్యూ11.2 పరీక్ష ఒకసారి చేయించాలి. చాలామందికి ఆపరేషన్ నాటికి ఆ పరీక్ష అందుబాటులో లేదు. పాత డిశ్చార్జి కాగితంలో లోపం పేరు ఉంటుంది, కారణం గడి ఖాళీగా ఉంటుంది.